16 తీసి 32 పెట్టే మేధావులకు

మన ఐటీ వాళ్ళకో అలవాటుంది. బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చుని, అనంతపురంలో ఉన్న అమ్మానాన్నలకి ఆన్‌లైన్లో ఏసీ కొని పంపేస్తాం. తర్వాత గీజరు, ఆ తర్వాత ఇండక్షన్ స్టవ్వు. ఇంట్లో ఉన్నదేమో ఇరవై ఏళ్ళ నాటి వైరింగు. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని నాన్న ఫోన్ చేస్తే మనమిచ్చే మహత్తర పరిష్కారం: "16ది తీసేసి 32 ఆంపియర్లది పెట్టించు నాన్నా!"

ఎక్సెప్షన్ వస్తోందని ఖాళీ క్యాచ్ బ్లాక్ రాసేవాడిని కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం కదా, మరి ఇదేంటండీ?

ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలో ఉన్న వైరుని. స్థూలంగా లెక్క ఇది: 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరుకి 10 ఆంపియర్లు, 2.5కి 16, 4కి 20 లేదా 25, 6కి 32. 2.5 వైరుకి 32 పెడితే, 30 ఆంపియర్లు పోతున్నా ఎంసీబీ కదలదు, గోడలో ఇన్సులేషన్ మాత్రం కాగుతుంటుంది. పైగా మన ఎండలకి వైరు మోయగలిగేది ఇంకా తగ్గుతుంది. కొత్త లోడుకి కొత్త వైరు, విడి ఎంసీబీ వెయ్యాలి. డీబీలో చోటు లేకపోతే పెద్ద డీబీ పెట్టించాలి గానీ, ఒకే ఎంసీబీ కింద రెండు వైర్లు దూర్చకూడదు.

ఇది సగమే. మన జిల్లాలో ఏడాదికి కురిసేదే సగటున 550 మి.మీ. చుట్టుపక్కల. ఎప్పుడో ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయింది? నేల ఎండితే ఎర్త్ రెసిస్టెన్సు పెరుగుతుంది. 20 ఓములు ఉందనుకోండి. గీజరు బాడీకి ఫేజు తగిలితే పోయేది 230 బై 20, అంటే 11.5 ఆంపియర్లు. 16 ఎంసీబీకి అది మామూలు లోడే! సీ టైపుదైతే, అది వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ఈలోపు తడి చేత్తో కుళాయి తిప్పేది అమ్మ.

దీనికి మందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ లెక్క తేడా వస్తే క్షణంలో కట్ చేస్తుంది. అది ఓవర్‌లోడుని పట్టించుకోదు, కాబట్టి ఎంసీబీలు ఉండాల్సిందే. ఎర్తింగూ ఉండాల్సిందే.

"అది ఊరికే పడిపోతా ఉంటాది సార్, పీకేద్దాం" అంటాడు ఎలక్ట్రీషియను. చాలావరకు ఊరికే పడదండీ. ఎక్కడో లీకేజీ ఉంది, లేదా రెండు సర్క్యూట్ల న్యూట్రల్ కలిసిపోయింది. ఇన్వర్టర్ పెట్టిన ఇళ్ళల్లో ఈ రెండోది మామూలే. వెతికించండి, పీకించకండి.

ఖర్చంటారా? ఏసీ ఖరీదులో పదో వంతు కూడా కాదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు డీబీ మూత తెరవండి. టెస్టు బటన్ ఉన్న స్విచ్చి ఒక్కటీ కనపడకపోతే, తర్వాతి ఆర్డరు ఏసీ కాదు, అదే. కాదనేవాళ్ళు లెక్కతో వాదించండి, వింటాను.