పక్కన కూర్చునే మనిషి కావాలి
1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్ నడుమ, యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి, ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పోయి యూబీఐఎన్ వచ్చింది. ఇంత పెద్ద మార్పుకైనా సర్క్యులర్ పంపి, నాలుగు రోజులు శిక్షణ ఇస్తే సరిపోతుందనుకునే సంస్థలే మన దగ్గర ఎక్కువ. సరిపోదు. కొత్త స్క్రీన్ మీద ఏది నొక్కాలో శిక్షణలో చెబుతారు, నిజమే. కానీ కౌంటర్ అవతల పింఛను పాస్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన "నా డబ్బు భద్రమేనా అమ్మా?" అని అడిగితే, రేపు తనను ఏ ఊరికి బదిలీ చేస్తారో తెలియని క్లర్కు ఏమని ధైర్యం చెబుతుంది? కోచింగ్ అవసరం అక్కడ. వారానికో గంట పక్కన కూర్చుని, "ఎక్కడ ఇబ్బందిగా ఉంది, ఈ వారం ఏం చేసి చూద్దాం?" అని అడిగి, చెప్పింది ఓపిగ్గా వినే మనిషి కావాలి. ఆ మనిషి పనితీరు నివేదిక రాసే మేనేజరు మాత్రం కాకూడదు. మార్కులు వేసేవారి ముందు "నాకు రావడం లేదండీ" అని ఎవరూ నోరు తెరవరు. విలీనం ఖర్చుల్లో సాఫ్ట్‌వేరుకు ముందే పద్దు రాస్తారు. ఈ గంటకూ రాయాలి, అదీ బోర్డు మార్చే రోజుకు ముందే.