హోర్డింగుకూ గాలి లెక్క

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలికి హోర్డింగులు నేలకూలాయి. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో తుపానేమీ లేదు. ఈదురుగాలికే 120 అడుగుల హోర్డింగు పెట్రోలు బంకుపై పడి 17 మందిని బలిగొంది. అక్కడ అనుమతించే పరిమితి 40 అడుగులే. ఇక మన తీరంలో ఉప్పుగాలి ఇనుమును ఏడాది పొడవునా తింటూనే ఉంటుంది; అనుమతినాటి పత్రం నేటి స్తంభం బలాన్ని చెప్పలేదు. అందుకే విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఏటా తుపానుల కాలానికి ముందే పునాదినీ వెల్డింగునూ ఇంజినీరుచేత పరీక్షింపజేసి, ఆ తర్వాతే లైసెన్సు పొడిగించాలి. తనిఖీ ఖర్చు చిన్న వ్యాపారికి భారమన్న మాట న్యాయమే, దుకాణం బోర్డుకు ఆ రుసుము మాఫీ చేయవచ్చు. నగరంలోని ఎన్‌ఏడీ, గాజువాక వంటి కూడళ్లలో ఎల్‌ఈడీ తెరలకు మాత్రం ఏ మినహాయింపూ తగదు. చీకటి పడగానే వాటి వెలుగు తగ్గాలి, కదిలే బొమ్మలు ఆగాలి. స్టీలుప్లాంటు షిఫ్టు ముగించుకొని బైకుపై ఇంటికెళ్లే కార్మికుడికి ముందు సిగ్నల్ కనిపించాలి.