పొద్దుటి ముద్దకు టైం ఎవరు మిగిల్చారు?

మిరప కోతలప్పుడు పెనుగంచిప్రోలు చుట్టుపక్కల రోడ్డు మీద తెల్లారకముందే నిలబడి చూడండి. మసక చీకటి ఉండగానే కూలీల ఆటోలు కదులుతాయి. సుగాలి తండాల నుంచి, యానాది, ఎరుకల కాలనీల నుంచి మన అమ్మలు, అక్కలు క్యారేజీలు పట్టుకుని ఎక్కుతారు. కడుపులో టీ నీళ్లే. ఆ క్యారేజీ మూత తీసేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది.

ఇంటి దగ్గర పిల్లలు లేచేసరికి అమ్మ ఉండదు. పెద్దపిల్ల తమ్ముడికి బిస్కెట్ పాకెట్ కొనిచ్చి, తను ఉత్త కడుపుతో బడికి పోతుంది. మధ్యాహ్న భోజనం దాకా అంతే. పాఠం బుర్రకెక్కకపోతే "వీళ్లకు చదువు రాదు" అని ముద్ర వేస్తారు. ఆకలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

"పొద్దున్నే మంచి తిండి తినండి, టైం కేటాయించుకోండి" అని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. మాట మంచిదే. కానీ కేటాయించుకోవడానికి ముందు ఆ టైం మన చేతిలో ఉండాలి కదా! 1948 ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడితో ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని ఉండేది. మిరప చేలో వంగి కోసే మన అమ్మకు ఆ చట్టం వర్తించలేదు. ఆమె విరామం మేస్త్రి దయ.

బడి సంగతీ చూద్దాం. గురుకులంలో, హాస్టల్లో ఉన్న గిరిజన పిల్లలకు పొద్దున టిఫిన్ ఉంది. తండాలో ఉండి రోజూ బడికి పోయే పిల్లకు లేదు. మన రాష్ట్రంలో 2023 మార్చిలో బడుల్లో రాగిజావ మొదలుపెట్టారు, వారానికి మూడు రోజులు. మంచిదే, కానీ ఆకలి మూడు రోజులకే పరిమితం కాదు. తమిళనాడు 2022 సెప్టెంబర్ 15న మదురైలో ఉదయం అల్పాహార పథకం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆగస్టుకల్లా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ తీసుకెళ్లింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా పిల్లలకు పొద్దున తిండి పెట్టాలనే చెప్పింది. ఇక్కడ ఎందుకు కాదు?

అలాగని సర్కారు ఇచ్చేదాకా పస్తులుందామా? వద్దు. మన తాతల జొన్న సంకటి, రాగి అంబలి తక్కువ తిండి కాదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో 10కి అటూ ఇటూ. రాత్రే పిండి కలిపి పెట్టుకుంటే పొద్దున పది నిమిషాల్లో జావ కాగుతుంది. మజ్జిగ పోసుకోండి, గుప్పెడు వేరుశనగలు నంజుకోండి. కాచే పని అమ్మ నెత్తిన, అక్క నెత్తిన మాత్రమే పెట్టకండి. తమ్ముళ్లూ, ఫోన్ పక్కన పెట్టి పొయ్యి దగ్గరకు మీరూ రండి.

మిగతాది కలిసి అడగాల్సిందే. ముఠా అంతా ఒక్కమాట మీద నిలబడితే చేలో తిండికి అరగంట ఇవ్వక తప్పదు. గ్రామసభలో రోడ్డు, కుళాయి అడిగేటప్పుడు "బడిలో రోజూ టిఫిన్" అని కూడా తీర్మానం రాయించండి. బడి తల్లిదండ్రుల కమిటీలో మనవాళ్లు ఉంటే అక్కడా లేవనెత్తమనండి.

కూలి రేటు కోసం కొట్లాడాం. పొద్దుటి ముద్ద కోసం కూడా కొట్లాడదాం.