పెదవుల రంగు మీద తీర్పు

ఈ మధ్య ఒక జిల్లా కేంద్రంలో జరిగిన కవి సమ్మేళనంలో ఒక యువ కవయిత్రి మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల మీద కవిత చదివింది. సాయంత్రం ఇంటికి చేరి చంటిబిడ్డను ఎత్తుకోవాలంటే జంకే చేతుల గురించిన కవిత అది. చదవడం అయ్యాక సభాధ్యక్షులవారు మైకు అందుకుని కవిత ఊసే ఎత్తలేదు. "ఏమ్మా, కూలివాళ్ల మీద రాస్తూ ఆ పెదవులకు అంత ఎర్రరంగెందుకు? స్త్రీవాదమంటే ఇదేనా?" అన్నారు. సభ నవ్వింది. ముందు వరసలో కూర్చున్న పెద్దలు, పదేసి పుస్తకాలు అచ్చేసినవాళ్లు, వాళ్లూ నవ్వారు. ఆ అమ్మాయి రెండో కవిత చదవాల్సి ఉంది. చదవకుండానే కాగితం మడుచుకుని వచ్చి కూర్చుంది.

ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ మాట ఆయన ఒక్కరిదీ కాదు. 2025 మేలో హైదరాబాదులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు వద్దన్న మహిళలకు కూడా ఇలాంటి జవాబే ఎదురైంది: మీరు మాత్రం తయారవరా అని. ఆ నెలలోనే రామప్ప గుడి దగ్గర, పోటీకి వచ్చిన అమ్మాయిల పాదాల మీద మన ఆడవాళ్లు నీళ్లు పోసి తుడిచిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. అడగాల్సిన ప్రశ్నలన్నీ అక్కడున్నాయి. పాదాలు ఎవరివి, చేతులు ఎవరివి, ఆ ఏర్పాటు ఎవరు చేయించారు? ఇవి వదిలేసి, అడుగుతున్న మనిషి ముఖాన పౌడరుందా లేదా అని వెతకడం ఏం వాదం?

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికే చూరు కింద మదనికలున్నారు. నల్లరాతిలో హారాలు, కడియాలు, నడుముకు వడ్డాణాలు. ఎత్తుమడమల చెప్పులు తొడిగిన మదనికను గైడ్లు ప్రత్యేకంగా ఆపి చూపిస్తారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ రాతి అమ్మాయిని నీకీ సోకులెందుకని నిలదీసినవాడు లేడు. ఆమెకు నోరు లేదు, చదవడానికి కవితా లేదు.

ఆడవాళ్లు మేకప్ ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. వేసుకోవడానికి సెలవు ఎవరిది? తెలుగిళ్లలో అలంకారం ఎన్నడూ ఆమె సొంత వ్యవహారంగా నడవలేదు. ఆముదం ప్రమిద వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని జాగ్రత్తగా గోకి, ఇంత వెన్నతో రంగరించి భరిణెకు ఎత్తితే కాటుక. సగ్గుబియ్యం మాడి నల్లబడేదాకా వేయించి, నీళ్లు పోసి ఉడికించి, కొబ్బరి చిప్పలో ఆరబెడితే చాదు. నలుగుపిండి, గోరింటాకు, పారాణి, సవరం, జడగంటలు. వీటిని ఎవరూ మేకప్ అనలేదు. ఎందుకు పెట్టుకున్నావని అడగలేదు సరికదా, పెట్టుకోకపోతే తిట్టారు. బోసి నుదురు, బోడి మెడ అన్నవి మన ఇళ్లలో తిట్లే.

అదే ఇంట్లో మొగుడు పోతే? పదోరోజుకు ముందు ఆమెకు తలనిండా పూలు పెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగి, ముఖాన పసుపు రాసి, కాసంత బొట్టు దిద్ది కూర్చోబెడతారు. జీవితంలో ఆఖరి ముస్తాబు. తెల్లవారకముందే ఆ గాజులు పగలగొట్టి, పూలు లాగేసి, బొట్టు తుడిచేస్తారు. నిన్నటి నుదురే, నిన్నటి చేతులే. మారిందల్లా సెలవిచ్చే మనిషి లేకపోవడం. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఎంత సాహసం కావాలో ఆ రోజుల్లో! అయినా ఆ బొట్టు తిరిగి రావడానికి మళ్లీ ఒక మొగుడే దారి అయ్యాడు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళలకు ఇచ్చిన పదేసి వేల రూపాయల పథకం పేరు కూడా 'పసుపు-కుంకుమ'. సంఘంలో భర్త పోయిన సభ్యురాలికి కూడా ఆ డబ్బు ఆ పేరుతోనే అందింది.

అలంకారం అంత చులకన వ్యవహారమైతే మగవాళ్లు దాన్ని అంతకాలం తమ చేతిలో ఎందుకు పెట్టుకున్నట్టు? కూచిపూడిలో తరతరాల పాటు సత్యభామ మగవాడే. తెర మీదుగా జడ విసిరి, నన్ను మించినవాళ్లుంటే రమ్మని పండితులకు సవాలు విసిరే ఆ సత్యభామ. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషం కడితే ఆడవాళ్లే నివ్వెరపోయి చూశారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగస్థలాన్ని ఏలారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ గౌరవాలకు వారు నూటికి నూరుపాళ్లు తగినవారు. వారి ముఖాన రంగును మన విమర్శకులు 'ఆహార్యం' అన్నారు, భరతుడు చెప్పిన నాలుగు అభినయాల్లో ఒకటని పేజీలకు పేజీలు రాశారు. ఆ రంగే ఆడపిల్ల తన ముఖానికి తాను వేసుకుంటే ఆహార్యం కాస్తా 'మోజు' అయిపోయింది.

సినిమా వచ్చింది. నటీమణుల ముఖాలు ఊరూరా వాల్‌పోస్టర్ల మీదికెక్కాయి. ఆ ముఖాలకు రంగు వేసే పని మాత్రం మేకప్‌మ్యాన్‌దే. పేరులోనే మ్యాన్ ఉన్నాడు. ముంబయి సినీ పరిశ్రమలో మేకప్, కాస్ట్యూమ్ కళాకారుల సంఘం దశాబ్దాల పాటు ఆడవాళ్లకు మేకప్ కార్డు ఇవ్వలేదు. జుట్టు దువ్వే పని చేసుకోండి, ముఖం జోలికి రావద్దు అన్నది దాని నియమం. అమెరికాలో మేకప్ చదివి వచ్చిన చారు ఖురానాకూ ఆ కార్డు దొరకలేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆడవాళ్లు ఈ పనిలోకి వస్తే మగవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని సంఘం వాదన. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం ఆ నియమాన్ని కొట్టేసింది. తారీఖు మళ్లీ చూడండి: రాజ్యాంగం అమల్లోకి వచ్చిన అరవై నాలుగేళ్లకు! మేకప్ వేసుకుంటే చులకన, మేకప్ వేసి డబ్బు సంపాదిస్తానంటే మాత్రం అది మగవాడి కూడు. స్త్రీవాదానికీ లిప్‌స్టిక్‌కూ పొసగదని సభల్లో తీర్పులిచ్చే పెద్దలు ఈ తీర్పు మీద ఒక్క వ్యాసమైనా రాశారా?

సముద్రాల అవతల ఈ కథే తిరగబడింది. అమెరికాలోని రీనో నగరంలో హరాస్ కెసినో బార్‌లో డార్లీన్ జెస్పర్సన్ ఇరవై ఏళ్లు పనిచేసింది. మేకప్ లేకుండానే. 2000లో యాజమాన్యం కొత్త నియమం తెచ్చింది: ఆడవాళ్లు పౌడరు, బుగ్గల రంగు, మస్కారా, లిప్‌స్టిక్ వేసుకునే పనిలోకి రావాలి, మగవాళ్లు అవేవీ వేసుకోకూడదు. అవి వేసుకుంటే తాను తానుగా ఉండనని ఆమె ఒప్పుకోలేదు. ఉద్యోగం పోయింది. 2006లో అప్పీలు కోర్టు 7-4 మెజారిటీతో యాజమాన్యం పక్షానే నిలిచింది. ఇక్కడ రంగు వేసుకుందని నవ్వారు, అక్కడ వేసుకోలేదని గెంటేశారు. రెండు చోట్లా ఆమె ముఖం ఎలా ఉండాలో చెప్పింది ఆమె కాదు.

మాట పరుషంగా వస్తే రానివ్వండి. మన సాహిత్యరంగానికి ఈ రోగం కొత్తగా వచ్చిందేమీ కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను వీరేశలింగమంతటివారు ఈసడించుకున్నది కావ్యంలోని శృంగారం ఒక్కదానికే కాదు, రాసిన మనిషి వేశ్య అయినందుకు కూడా. మగకవుల ప్రబంధాలకు లేని పట్టింపు ఆమెకెందుకని నిలదీసి, 1910లో ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. మరుసటి ఏడాదే నిషేధం. అది తొలగడానికి దశాబ్దాలు పట్టింది. జయప్రభ పైటను తగలెయ్యాలని కవిత రాస్తే సంప్రదాయం మంటగలిసిందని గగ్గోలు. స్త్రీవాద కవిత్వానికి 'నీలి' ముద్ర వేసినవాళ్లకు 1993లో 'నీలిమేఘాలు' సంకలనమే జవాబైంది. ఆనాడు పైట వద్దన్నందుకు స్త్రీవాదులు చెడ్డవాళ్లు. ఈనాడు పెదవులకు రంగు వేసుకున్నందుకు స్త్రీవాదులు కారు. పాస్ మార్కులు ఎక్కడున్నాయో చెప్పని పరీక్ష ఇది. 1968 సెప్టెంబరు 7న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీని ఎదిరించిన స్త్రీలు లోదుస్తులు, ఎత్తుమడమల చెప్పులు ఒక చెత్తడబ్బాలో పడేశారు. అక్కడ మంట వెలగనే లేదు. అయినా 'బ్రాలు తగలబెట్టినవాళ్లు' అన్న పేరు వాళ్లకు నేటికీ వదల్లేదు.

శూర్పణఖకు శిక్ష వేయాలనుకున్నప్పుడు కోసింది ముక్కూ చెవులూ. కాలో చెయ్యో కాదు. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసినవాళ్లకూ ఎక్కడ కొట్టాలో బాగా తెలుసు. ఓల్గా 'విముక్త'లో శూర్పణఖ ఆ గాయం తర్వాత ఒక తోట పెంచుకుంటుంది, సీతతో దాని గురించి మాట్లాడుతుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అభినందన సభలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆడదాని విలువంతా ముఖంలోనే ఉందని ఇన్ని వందల ఏళ్లు నేర్పిన సమాజమే, ఆ ముఖాన్ని నువ్వెందుకు పట్టించుకుంటావని ఇప్పుడు ఎదురు ప్రశ్న వేస్తోంది.

అలంకారం వెనక మార్కెట్ ఉందని, ఇష్టం అనుకునేది కూడా కంపెనీలు నేర్పిందేనని స్త్రీవాద మిత్రులే కొందరు అంటారు, అందులో నిజముంది. 1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఆ 'ఫెయిర్' తీసేయడానికి 2020 దాకా పట్టింది. కానీ ఆ క్రీము రాక ముందే, నల్లగా ఉన్నా పిల్ల కళగా ఉంటుందని పెళ్లిచూపుల్లో సంజాయిషీ చెప్పుకున్న ఇళ్లు మనవి. ఆ 'ఉన్నా'ను ఏ కంపెనీ అమ్మలేదు.

ఇక ఎందుకు వేసుకుంటారంటే, వేసుకునేవాళ్లను అడిగితే తెలుస్తుంది. కాన్పు తర్వాత బుగ్గల మీద దిగిన మంగు మచ్చను పిల్లలు వేలెత్తి చూపిస్తారని బడికి వెళ్లేముందు కాస్త క్రీము అద్దుకునే టీచరుంది. పౌడరు లేకుండా కౌంటర్లో కూర్చుంటే 'ఒంట్లో బాగాలేదా' అని పదిమంది అడుగుతారని విసిగిపోయిన బ్యాంకు ఉద్యోగిని ఉంది. మొగుడి చేతి గుర్తు కనబడకుండా కంటి కింద రెండో పూత వేసుకునే ఇల్లాలుంది. ఆదివారం పూట ఎవరూ రాని ఇంట్లో, ఎవరూ చూడని వేళ, ఎర్రరంగు పెదవుల మీద పరుచుకుంటుంటే అద్దంలో చూసుకుని ముచ్చటపడే ఆడపిల్లా ఉంది. వీళ్లలో ఎవరు స్త్రీవాదో పెదవులు చూసి చెప్పగల సభాధ్యక్షుడు ఇంకా పుట్టలేదు.

ఈ పత్రికకు వచ్చే సభా విశేషాల్లో కవయిత్రి కట్టుకున్న చీర రంగు, ఆమె నవ్వు, 'చూడముచ్చటగా వేదికనెక్కి' వంటి వర్ణనలు ఇప్పటికీ కనబడుతున్నాయి. ఇలాంటివి ఈ పత్రికలోనూ అచ్చయ్యాయి, ఆ తప్పు ఈ పత్రికదే. ఈ సంచిక నుంచి వాటిని కొట్టేస్తాం. ఏ కవిత చదివారో, అందులో ఏముందో రాసి పంపండి. తొడిమలు తీసే చేతుల మీద ఆ అమ్మాయి రాసిన కవితను, ఆ రోజు మడిచి సంచిలో పెట్టుకున్న రెండోదాన్ని, అడిగి తెప్పించి రెండూ ఈ సంచికలో వేస్తున్నాం. పక్కన ఫోటో వేయడం లేదు. అది ఆమె పెట్టిన షరతు.