చిరునామా లేని ఇల్లు

గేమ్ కన్సోలు గల విద్యార్థులు తరచుగా చెప్పు ఫిర్యాదు ఒకటి కలదు. చలనచిత్రములు చక్కగా వచ్చుచున్నవి. ఆటలో మాత్రము మిత్రులతో కలియుట సాధ్యపడదు. తెరపై ‘స్ట్రిక్ట్ నాట్’ అను మాట కనబడును. దోషము యంత్రముదని వారు తలంతురు. దోషము తరచు చిరునామాల కరువుదని మా అభిప్రాయము.

పాతకాలపు దేవిడీని తలచుకొందము. లోపల పది కుటుంబములున్నను వీధి వాకిలి ఒక్కటే. ఉత్తరములన్నియు అచటికే వచ్చును. ఏది ఎవరిదో ఎరిగి దర్వాను అందజేయును. ఇంటి రూటరు అట్టి దర్వానే. కన్సోలుకు, టెలివిజనుకు, ఫోనుకు 192.168.1.5 వంటి ఐపీ చిరునామాలను అది కొంతకాలమునకు ఎరువిచ్చును. కోట్ల ఇండ్లలో ఇట్టి అంకెలే ఉండును. గడప దాటిన చెల్లవు. బయటికి కనబడునది రూటరు చిరునామా ఒక్కటే. ఈ మార్పిడినే ‘నాట్’ అందురు.

లోపలినుండి వెళ్లిన ప్రశ్నకు జవాబు వచ్చినచో దర్వాను గుర్తించును. కనుక సినిమా ఆగదు. పిలువని అతిథి వచ్చినచో ఎవరికొరకో తెలియక తిప్పి పంపును. పలు ఆటలలో కన్సోళ్లు ఒకదానినొకటి నేరుగా పిలుచుకొనవలెను గదా! చిక్కు అచటనే. కన్సోలుకు రూటరులో మారని చిరునామా కేటాయించి, ఆటకు వలయు పోర్టును దానికి మళ్లించుట దీనికి ఉపాయము. ఎక్స్‌బాక్సుకు అది 3074. తలుపులన్నియు తెరచియుంచుట మాత్రము అవివేకము.

అయితే దేవిడీకే వీధిలో సొంత సంఖ్య లేనిచో? ఐపీ నాల్గవ వెర్షనులో గల చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. 2011 ఫిబ్రవరిలో వాని కేంద్ర నిల్వ నిండుకొన్నది. కరువు వలన కొన్ని సంస్థలు అనేక గృహములను ఒకే చిరునామా వెనుక నిలుపుచున్నవి. రూటరు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలోనిదైనచో మన ఇల్లును అట్టిదే. అప్పుడు మన దర్వానుకు ఎంత చెప్పినను ఫలము లేదు. పై దర్వాను మన మాట వినడు.

ఆటల గొడవయే కదా అని పెద్దలు దీనిని త్రోసివేయరాదు. విద్యార్థి తన కంప్యూటరుపై చిన్న గ్రంథాలయమును నెలకొల్పి లోకమునకు తెరువదలచినను ఈ గోడయే అడ్డు. అడిగి పుచ్చుకొనుటకే తప్ప పిలుపునందుకొనుటకు నోచుకొనని ఇల్లు నెట్‌వర్కులో సగము పౌరుడు.

1995లో తొలిసారి వెలువడిన ఐపీ ఆరవ వెర్షను ప్రతి పరికరమునకు లోకమంతట చెల్లు చిరునామా ఈయగలదు. కాపలా అప్పుడును వలయును. కాని ఎవరిని రానిచ్చుటయను నిర్ణయము ఇంటివారిదగును. కావున కనెక్షను కొనునప్పుడు వేగమునే గాక చిరునామా ఎట్టిదో కూడ అడుగుడని మా విద్యార్థులకు మనవి. అడుగనివారికి సగము వాకిలియే దక్కును.