సడలించిన తీగలు

గిటారు తీగలకు వాడుకలోనున్న శ్రుతిని మార్చుట అపచారమని కొందరు తలంతురు. నాకది సరిగా తోచదు. 1830వ దశకమున మెక్సికో పశుపాలకులు తెచ్చిన గిటారు తీగలను హవాయి దీవులవారు తమ చెవికి ఇంపగునట్లు సడలించుకొనిరి. అట్టి శ్రుతులలో 'చేమమడి' యను అర్థము గల పేరుది యొకటి. అందు మూడు తీగలు ఒక్కొక్క స్వరము దిగును. అప్పుడు వ్రేలితో నొక్కకయే మీటినను, లావుతీగ మొదలుకొని మన స్వరములలో ప, స, ప, స, గ, ప యని పలుకును. బొటనవ్రేలు మంద్రమును మ్రోగించుచుండగా తక్కిన వ్రేళ్లు పాటను నడపును. నిజమే, అలవాటైన స్వరస్థానములు తారుమారగును, మరల నేర్వవలెను. ఆ శ్రమకు వెరచియే అపచారమందురు కాబోలు!

నా ఆక్షేపణ వేరొకటి. అచ్చట పలు కుటుంబములు తమ శ్రుతులను పరులకు చెప్పక దాచుకొనినవి. దాచినవాడు పోయిన శ్రుతియు పోవును. 1940వ దశకమున గాబీ పహినుయి వాయించిన రికార్డులు వెలువడుటచే ఆ బాణీ ఇంటి గడప దాటి పలువురి చెవిని పడినది.