ఓడిన రోజు తోడుండే ఇల్లు



“పది పాసైంది, ఇంక ఆడపిల్లకు ఆటలెందుకు?” జడ్చర్ల చుట్టుపక్కల పల్లెల్లో మేము దర్శించే ఇండ్లలో ఈ మాట తరచుగా వింటుంటాము. పిల్ల మీద ప్రేమ లేక అనే మాట కాదిది. నలుగురూ ఏమనుకొంటారోననే భయమే అలా అనిపిస్తుంది. కనుక అదే భయాన్ని ఎదుర్కొన్న ఒక కుటుంబాన్ని గూర్చి ఈ నెల చెప్పుకొందాము. వారిది మన తెలంగాణలోని నిజామాబాదే.

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న జన్మించింది. జమీల్ అహ్మద్, పర్వీన్ సుల్తానా దంపతుల నలుగురు కుమార్తెల్లో మూడవది. మొదట పరుగు పందాలు నేర్చుకొంది. మైదానంలో బాక్సింగు సాధన చేసేవారిలో ఒక్క ఆడపిల్లా కనబడలేదు. ఆడవాళ్ళు ఈ ఆట ఎందుకు ఆడరని తండ్రిని అడిగింది. తొలి రోజుల్లోనే ముక్కున రక్తం కారుతూ ఇంటికి వస్తే, ఈ పిల్లను ఎవరు చేసుకొంటారని తల్లి కంట తడిపెట్టింది. నిక్కరు వేసుకొని ఆడటమేమిటని బయటివారు సణిగారు. తండ్రి మాత్రం వెనుకడుగు వేయలేదు. ఆమె నిజామాబాదులో శంసముద్దీన్ వద్ద ఓనమాలు దిద్దుకొని, విశాఖపట్నంలో ఐ. వెంకటేశ్వరరావు శిక్షణ పొంది, 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేతగా నిలిచింది.

అక్కడి నుండి దారి సుగమమైందనుకొంటే పొరపాటే. 2017లో భుజం కీలు తప్పి శస్త్రచికిత్స జరిగింది. సుమారు ఏడాది ఆటకు దూరమైంది. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకు జరిగిన ఎంపికలో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడింది. అయినా సాధన మానలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగం ఫైనల్లో థాయిలాండు క్రీడాకారిణిని 5-0తో ఓడించింది. అంటే ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఈమె వైపే తీర్పిచ్చారన్నమాట. ఆ యేడే కామన్‌వెల్త్ స్వర్ణం గెలిచింది. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మరలా ప్రపంచ విజేత అయింది. మేరీ కోమ్ తర్వాత ఒకటి కంటె ఎక్కువసార్లు ఆ పట్టం పొందిన భారతీయ మహిళ ఈమే.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండవ పోటీలోనే చైనాకు చెందిన వూ యు చేతిలో 0-5తో ఓడింది. ఆ వూ యు తర్వాత స్వర్ణం గెలిచింది. అదే యేడు సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌ను డి.ఎస్.పి.గా నియమించింది. ఉద్యోగం వచ్చిందని ఆమె ఆట మానలేదు. 2025 నవంబరులో ప్రపంచ కప్ ఫైనల్స్‌లో మరలా స్వర్ణం అందుకొంది.

దూరదేశమైన ఘనాలోనూ ఇటువంటి చరిత్రే ఉన్నది. తక్కువ బరువు విభాగాల్లో పేరొందిన అజుమా నెల్సన్ 1982లో సాల్వడార్ సాంచెజ్‌తో ప్రపంచ టైటిలు కోసం పోరాడి, పదిహేనవ రౌండులో ఓడాడు. అక్కడితో ఆగిపోలేదు. 1984లో విల్‌ఫ్రెడో గోమెజ్‌ను ఓడించి విజేత అయ్యాడు. 1988లో ఇంకొక బరువులోనూ కిరీటం గెలిచాడు.

వీరి పిడికిలి బలం మనకు రాకపోవచ్చు. అయితే ఆ తండ్రి చేసిన పని ప్రతి ఇంటా చేయగలము. గెలిచిన రోజు ఊరంతా మనవారే. ఓడిన రోజు ఇల్లు ఒక్కటే మిగులుతుంది. ఆ ఇంట్లో కూడ “మేము ముందే చెప్పలేదా?” అనే మాట ఎదురైతే, బిడ్డ మరి ఎక్కడికి పోవాలి? అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో పందెగాని ఇంద్రియ నిగ్రహాన్ని ఆదర్శంగా చూపాడు. ఆ నిగ్రహం పిల్లలకు ఒక్క రోజులో అబ్బదు. ప్రక్కన నిలిచే పెద్దలు కావాలి.

తల్లులారా, తండ్రులారా! మీ అమ్మాయి పరుగో, కబడ్డీయో, చదువో, ఏది కోరినా, నలుగురి మాట వినేముందు ఆమె మాట వినండి. ఈసారి ఓడి వచ్చినప్పుడు అన్నం పెట్టి, రేపు సాధనకు ఎన్ని గంటలకు లేపాలో అడగండి.